పంకాల గారికి ఫోను

గొడవ టేపు కొస దగ్గర మొదలైంది. చుట్టని తిప్పి తిప్పి గోరు విరగ్గొట్టుకున్న మావారు, "కత్తిరించాక కొస మడిచిపెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు.

"మడిచే పెట్టాను. ఆ తర్వాత వాడింది మీరు."

"నేను పళ్లతో కొరుకుతాను. కత్తెర జోలికే పోను."

"అందుకే కొస దొరకడం లేదు."

అట్టపెట్టె మీద కూర్చున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. పెట్టె మూత 'ఫట్' మంటూ లోపలికి దిగిపోయింది, దానితోపాటు అదీ దిగింది. కాళ్లూ తలా మాత్రం బయట మిగిలాయి. దాన్ని పైకి లాగడానికి మేమిద్దరం చెరోచెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి గొడవ అక్కడితో ఆగింది.

సరిగ్గా అప్పుడే అత్తగారి ఫోను మోగింది.

"దోమతెరలా? వద్దు బాబూ. నీళ్ల ఫిల్టరా? అదీ వద్దు నాయనా. మా వంటింటికి ఎన్ని అరలుంటే నీకెందుకు?"

ఈ ఇంట్లోకి వచ్చి రెండు రోజులైంది. మేం వచ్చినట్టు పక్కవాటా వాళ్లకే ఇంకా సరిగ్గా తెలియదు. దోమతెరల వాళ్లకి మాత్రం మాకెన్ని కిటికీలున్నాయో కూడా తెలుసు.

"అమ్మా, ఎవరడిగినా నంబరు చెప్పేస్తున్నావు," అన్నారు మావారు. "ఈ నంబరు తీసేసి కొత్తది తీసుకుందాం. పీడా వదులుతుంది."

అత్తగారు ఫోనుని గుండెకి అదుముకున్నారు. "నేనెవరికీ చెప్పలేదురా! మా అక్కకి చూపు ఆనదు. ఆవిడ వేళ్లకి గుర్తున్న నంబరు ఇదొక్కటే. నువ్వు మార్చేస్తే పొద్దున్నే ఎవరితో మాట్లాడుతుంది? నీ ఫిల్టరు వాడితోనా?"

ఆయన వింటేగా! ఆదివారం నంబరు మార్పిడి ఖాయమనేశారు.

నాకు మనసొప్పలేదు. పారేసే ప్రతి పెట్టె మీదా పేరూ చిరునామా ఉన్న కాగితాన్ని ఊడబీకి, ముక్కలు చేసి, తడిపి మరీ చెత్తలో వేస్తున్నదాన్ని. అయినా మా వివరాలు బయటికి కారిపోతున్నాయంటే ఎక్కడో చిల్లు ఉంది. అదెక్కడుందో తేల్చకుండా పెద్దావిడ నంబరు లాగేసుకోవడం ఏం న్యాయం?

మర్నాడు కొత్తింటికి కావలసినవి తలా ఒకటి కొనుక్కురావాలి. బయల్దేరేముందు అందరినీ నిలబెట్టి చెప్పాను. "ఏ కొట్లోనూ నంబరు ఇవ్వొద్దు. పేరు చెప్పక తప్పకపోతే అసలు ఇంటిపేరు చెప్పొద్దు. కొట్టుకో ఇంటిపేరు. పరదాలకి వెళ్లే నేను పరదాల. పరుపులకి వెళ్లే అత్తయ్యగారు పరుపుల. చీపుళ్లూ బకెట్లూ తెచ్చే నువ్వు బకెట్ల. ఫ్యానుకి వెళ్లే మీరు పంకాల. ఫోను చేసినవాళ్లు ఏ పేరుతో పిలిస్తే, చిల్లు అక్కడున్నట్టు."

"పంకాల అంటే నవ్వరూ?" అన్నారు మావారు.

"మన ఇంటిపేర్లలో ఊళ్లున్నాయి, కూరగాయలున్నాయి, గిన్నెలున్నాయి. ఫ్యానుకేం తక్కువ?"

"ఈ వయసులో నాకు మళ్లీ కొత్త ఇంటిపేరా!" అన్నారు అత్తగారు. "పెళ్లిలో మార్చుకున్నదే ఆఖరనుకున్నాను." అన్నారే కానీ, దారి పొడుగునా 'పరుపుల, పరుపుల' అని వల్లె వేసుకుంటూనే ఉన్నారు. కొట్లో ఎవరూ పేరు అడగలేదని తిరిగొచ్చాక తెగ నొచ్చుకున్నారు.

సాయంత్రానికి ఫ్యాను బిగించారు. భోజనాల బల్ల కాళ్లు ఏ పెట్టెలో ఉన్నాయో దొరక్క, రెండు పెట్టెలు దగ్గరికి జరిపి వాటిమీదే కంచాలు పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నామో లేదో, అత్తగారి ఫోను మోగింది. అమ్మాయి ఎడమచేత్తో స్పీకరు నొక్కింది.

"నమస్కారమండీ! కొత్తింట్లో దిగినందుకు అభినందనలు. పంకాల గారున్నారా?"

మేం ముగ్గురం తలెత్తి ఫ్యాను వైపు చూశాం. తర్వాత మెల్లగా తల దించి మావారి వైపు చూశాం.

"ఉన్నారు బాబూ," అన్నారు అత్తగారు, గొంతులో తేనె ఒలికిస్తూ. "నోట్లో ముద్ద ఉంది. మింగి మాట్లాడతారు."

ముద్ద దిగలేదు. పొలమారింది. అమ్మాయి ఆయన నడినెత్తి మీద తడుతూ, "నీళ్లు తాగండి, పంకాల గారూ!" అంది. ఫోను పెట్టేశాక కూడా నవ్వు ఆపుకోలేక నేను పీట మీద నుంచి జారిపోయాను.

"గ్యారంటీకి నంబరు కావాలన్నాడమ్మా. నోటికొచ్చేసింది," అన్నారాయన.

"నీ నోటికి నీ నంబరు రావాలి కానీ, నాదెలా వచ్చిందిరా?"

"మీటింగులో ఉండగా నా ఫోను మోగితే బాగుండదని..."

"అంటే, ఇల్లు చూపించినవాడికీ?"

"నీదే."

"సామాన్ల లారీ వాడికీ?"

"నీదే."

"దోమతెరల వాడికి?"

"వాడికి నేనివ్వలేదు. లారీ వాడు ఇచ్చుంటాడు."

అత్తగారు మంచినీళ్ల గ్లాసు పక్కకి జరిపి, తన ఫోను తీసి కొడుకు కంచం పక్కన పెట్టారు. ఆవిడ నవ్వడం లేదు. పెదవుల చివరలు మాత్రం అదురుతున్నాయి.

"అందరూ వినండి. నా నంబరు మారదు. ఇకమీదట ఏ కొట్టుకీ ఎవరి నంబరూ వెళ్లదు. వీడు ఇంట్లో ఉన్నంతసేపూ నా ఫోను వీడి జేబులోనే ఉంటుంది. మోగిన ప్రతిసారీ వీడే ఎత్తి, మా పేరూ నంబరూ మీ జాబితాలోంచి కొట్టేయండి అని ఒక్కొక్కళ్లనీ బతిమాలుకుంటాడు. అక్క చేస్తే మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి నా చేతికివ్వాలి. అర్థమైందా, పంకాల గారూ?"