నురగొచ్చే రాయి

సకల జనుల సమ్మెకు మెదక్‌లో మా బడి మూతబడింది. తోటి టీచరు నవోమి, నేను చెరో చేపల తొట్టి పెట్టాం. నావి వారంలోనే చచ్చాయి. నా తొట్టిలోవి సున్నపురాళ్లని, వాటివల్లే నీళ్లు చెడి చేపలు చచ్చాయని, అలాంటి రాయిమీద నిమ్మరసం పడితే నురగొస్తుందని చేపల దుకాణపాయన చెప్పాడు. నవోమి చేపల్ని చూడటానికి మాత్రం వీధంతా కదిలింది. నా కడుపు మండింది.

నా తొట్టిలోని తెల్లరాయినే తళతళా కడిగి, నవోమి తొట్టికి కానుకని ఇచ్చాను.

నవోమి నా ఎదుటే నిమ్మచెక్క పిండింది. రాయి నురగ కక్కింది.

“అక్కా, మీకు ఎర్కలేనట్టుంది. గిసోంటి రాళ్లకే మీ చేపలు చచ్చినయేమో,” అంది జాలిగా.

మర్నాడు నల్లరాళ్లు సబ్బు తగలకుండా తోమి, వేణ్నీళ్లతో కడిగి పంపింది. తలుపేసుకుని ప్రతి రాయిమీదా నిమ్మరసం పిండాను.

ఒక్కటైనా నురగొస్తే బాగుండేది.