గుమ్మంలోంచి టీవీ

ఇన్ని చిలకలు ఒక్కసారిగా రెక్క విప్పితే ఏది అసలు పచ్చో ఎవరు చెప్పగలరు, గోడ నిండా టీవీలే, అన్నిటిలోనూ అదే చిలక, అదే కొమ్మ, ఒకదానిలో తడి నాచులా, పక్కదానిలో ప్లాస్టిక్ బకెట్‌లా, ఆ మూలదానిలో కాస్త జబ్బు చేసినట్టు, రోజంతా కళ్ళద్దాల దుకాణంలో జనం ముక్కుల మీద ఫ్రేములు సరిచేసే నాకే కళ్ళు చెదురుతున్నాయి, ఇక ఈ పిల్లకి ఏమనిపిస్తోందో, అడగాలంటే జంకు, పదిహేనేళ్ళ పిల్ల, మా ఆయన కూతురు, చేతులు కట్టుకుని కాస్త ఎడంగా నిలబడింది, నాతో వచ్చినట్టూ ఉంది, రానట్టూ ఉంది, ఆయనేమో పొద్దున్నే, మీరిద్దరూ వెళ్ళి మీకు నచ్చింది తెచ్చేసుకోండి, నాకు షిఫ్టుంది, అని టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని జారుకున్నారు, షిఫ్టున్న మాటా నిజమే, జారుకున్న మాటా నిజమే, ఎందుకంటే పాత టీవీ ఈ పిల్ల వాళ్ళమ్మ ఏరికోరి కొన్నది, ఆ సంగతి నాకు అది పాడైన రోజునే తెలిసింది, సగం తెర నల్లబడి మర్నాటికి మొత్తం ఆరిపోతే మెకానిక్ వచ్చి వెనక మూత విప్పి, దీన్నిక లేపలేం మేడమ్, ఈ పార్టు తయారవడమే ఆగిపోయింది అన్నాడు, పిల్ల గదిలోంచి వచ్చి, ఇంకో మెకానిక్‌ని పిలవొచ్చు కదా నాన్నా అంది, నాన్నా అని ఆయన్నే అంది, నేనూ అక్కడే ఉన్నాను, స్క్రూలు పడిపోకుండా దోసిట్లో పట్టుకుని.

మేడమ్, మీ పాపని ఇలా రమ్మనండి, వీడియో గేములు ఆడుకోవడానికైతే ఈ మోడల్ అదిరిపోతుంది, అంటున్నాడు సేల్స్ అతను, మెడలో కార్డు, నోట్లో చూయింగ్ గమ్, మీ పాప అన్నాడు, పిల్ల కాదనలేదు, అవుననలేదు, చిలక వంకే చూస్తోంది, నేనా, ఎవరి చెవి ఎత్తు ఎంతో చూడగానే చెప్పి ఫ్రేము వంచేస్తాను, ఈ మాటని మాత్రం ఎటు వంచాలో తెలియక నవ్వేసి ఊరుకున్నాను, అతను రిమోట్ నొక్కాడు, చిలక పోయి పాత నలుపు తెలుపు సినిమా ఒకటి వచ్చింది, ఎవరో ఒకావిడ మెట్లు దిగుతోంది, నలుపు చూడండి మేడమ్, ఎంత నలుపో, పాతవాటిలో నలుపంటే బూడిద రంగే, అంటున్నాడు, అవును బూడిద రంగే, నా చిన్నప్పుడు మా పుట్టింట్లో దాంట్లో నలుపూ బూడిదే, తెలుపూ బూడిదే, చెక్క పెట్టెలో ఉండేది, ముందు రెండు తలుపులు, పరీక్షలొస్తే నాన్న ఆ తలుపులు మూసి తాళం వేసి తాళంచెవి ఎక్కడ దాచాడో మర్చిపోయేవాడు, పరీక్షలయ్యాక అందరం కలిసి వెతికేవాళ్ళం, ఒకసారి ఆయన చెప్పులోనే దొరికింది, ఇన్నాళ్ళూ కాలికి గుచ్చుకుంటుంటే మేకు అనుకున్నానే అన్నాడు.

ఆ టీవీకి ఇంకో జబ్బు, బొమ్మ పైనుంచి కిందికి నొక్కుకుపోయి పైభాగం తెగిపోయేది, వార్తలు చదివేవాళ్ళకి కనుబొమ్మల దగ్గరే తల అయిపోయేది, పాపం ఈ పిల్లకి నుదురే లేదురా అనేది నానమ్మ, నుదురు లేకపోయినా ఎంత చక్కగా చదువుతోందో అనేవాడు బాబాయి, ఏళ్ళ తరబడి అలాగే చూశాం, తర్వాత ఎవరో వచ్చి లోపల ఏదో తిప్పితే అందరికీ ఒక్కసారిగా నుదుళ్ళు వచ్చేశాయి, ఆ సాయంత్రం ఎవ్వరికీ వార్తలు తలకెక్కలేదు, ఎవరో కొత్తవాళ్ళు ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది, పాతదే బాగుంది పిలవండిరా వాణ్ణి అంది నానమ్మ, నాన్నది పేము కుర్చీ, బాబాయిది బియ్యం డబ్బా, ముందే చూసేసిన సినిమా అయితే ఇప్పుడు చూడు, వీడు జారి పడతాడు అని చెప్పేసి అందరి చేతా తిట్లు తినేవాడు, తమ్ముడు నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు గోడకి ఆనించి తలకిందులుగా చూసేవాడు, అలాగే అర్థమవుతుందిట వాడికి, నేను నానమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, ఆవిడ వేళ్ళు నా జుట్టులో, విలన్ వచ్చినప్పుడల్లా ఆ వేళ్ళు బిగుసుకుని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి, వదులు నానమ్మా అంటే, వాణ్ణి వదలమను ముందు అనేది.

అమ్మ మాత్రం గుమ్మంలో, ఒక కాలు హాల్లో, ఒక కాలు వంటింట్లో, చేతిలో గరిటె, ద్వారబంధానికి భుజం ఆనించి, అమ్మా రా రా పాటొస్తోంది అని అరిస్తే వచ్చేది, పాట సగంలో లోపల ఏదో చిటపటలాడితే మాయమయ్యేది, ఆమె చూసిన ఏ సినిమాకీ చివర లేదు, గిన్నెలు తోముతూ, చివరికి ఏమైందే అని నన్ను అడిగేది, నేను తుడుస్తూ చెప్పేదాన్ని, వాళ్ళిద్దరూ కలిశారమ్మా అనేదాన్ని, కలవకపోయినా సరే కలిశారనే చెప్పేదాన్ని, నిజంగా కలిశారా అని గిన్నె మీంచి తలెత్తి నా మొహంలోకి చూసి నవ్వేది, తెలుసన్నమాట, తెలిసీ మళ్ళీ అడిగేది, తర్వాత్తర్వాత పనంతా తగ్గి, కుర్చీలు ఖాళీగా ఉండే రోజుల్లో కూడా అక్కడే, కూర్చోవచ్చు కదమ్మా అంటే, కూర్చుంటే లేవలేనే, ఇలా ఉంటేనే నాకు హాయి అనేది, హాయో అలవాటో, చివరి దాకా ఆ ద్వారబంధం మీద ఆమె భుజం ఆనినంత మేర రంగు వెలిసి ఉండేది.

మేడమ్, వింటున్నారా, ఇది గోడకి బిగిస్తామా, బల్ల మీద పెడతామా, అడుగుతున్నాడు, బల్ల మీదే అన్నాను, ఎందుకంటే బల్ల కూడా వాళ్ళమ్మదే, ఆ ఒక్కటైనా కదలకుండా ఉండనీ, ఇంతకీ పిల్ల ఏది, అదిగో, వరుస చివరికి వెళ్ళిపోయింది, గోడకి దాదాపు ఆనుకుని నిలబడి అక్కడినుంచి మెడ తిప్పి చూస్తోంది, రెండడుగులు వేస్తుంది, ఇంకో టీవీకి మళ్ళీ అలాగే ఓరగా, విసుగు పుట్టినట్టుంది, ఎందుకు తీసుకొచ్చానో, ఇంట్లో మాత్రం ఏం, సాయంత్రాలు ఆయన సోఫాకి ఈ చివర, పిల్ల కింద సోఫాకి వీపు ఆనించి, ఆ చివర ఖాళీ, ఒక దిండు ఉంటుంది అక్కడ, దాన్ని ఎవరూ కదపరు, ఆయన వెనక్కి తిరక్కుండానే రా, కూర్చో అంటారు, ఆఁ వస్తున్నా, పాలు పొంగుతాయి అంటాను, పొయ్యి మీద పాలు ఉండవు, ఉల్లిపాయలు తరుగుతూ గుమ్మంలో నిలబడతాను, అక్కడినుంచి తెర తెల్లగా వెలిసినట్టు కనిపిస్తుంది, మొహాలు పోల్చుకోలేం, వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతాను, ఎందుకో తెలియకుండానే, ఏడాదిన్నరగా ఇంతే.

ఇది వద్దు, అంది పిల్ల అక్కడినుంచే, పక్కనుంచి చూస్తే వెలిసిపోతోంది, సేల్స్ అతను నవ్వి, టీవీ ఎవరైనా ఎదురుగా కూర్చునే చూస్తారు కదమ్మా అన్నాడు, అందరూ కూర్చోరండీ మా ఇంట్లో, అంది, మేం ముగ్గురం, నాన్న సోఫాలో కూర్చుంటారు, నేను కింద, ఒకళ్ళేమో గుమ్మంలో నిలబడి చూస్తారు, అక్కణ్ణుంచి ఏమీ కనిపించదు, నేను నిలబడి చూశాను, పాత టీవీ బాగున్నప్పుడే చూశాను, అంటూ ఆ మాటలన్నీ అతనితోనే చెబుతోంది, కార్డు వైపు చూస్తూ గబగబా, చెవులు ఎర్రబడ్డాయి, నా చేతిలో హ్యాండ్‌బ్యాగ్ పట్టీ ఎప్పుడు మెలి తిరిగిందో, అతను చూయింగ్ గమ్ నమలడం ఆపి, అయితే ఇది చూడండమ్మా, ఏ పక్కనుంచైనా ఒకేలా ఉంటుంది అని ఇంకోదాని దగ్గరికి నడిచాడు, పిల్ల నా వైపు తిరిగింది, పిన్నీ, మీరిలా వచ్చి నిలబడండి, ఇదే మన గుమ్మం అనుకోండి, అని గోడ పక్కన చోటు చూపించింది, వద్దులేవే, ఇకనుంచి నేనూ కూర్చుంటాలే, అన్నాను, కూర్చుంటే కూర్చోండి, అప్పటిదాకా అయితే కనపడాలి కదా, అంది.

వెళ్ళి నిలబడ్డాను, అక్కడ ద్వారబంధమూ లేదు, గరిటే లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, పిల్ల తెర పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పీఠంతో సహా ఒక్క రవ్వ ఇటు తిప్పి, కనిపిస్తోందా, అంది, రోజుకి ఎన్నిసార్లు నేను ఎంతమందిని అడుగుతానో ఈ మాట, అక్షరాలు చూపించి, అద్దాలు మార్చి, నన్ను ఇలా ఎవరైనా అడిగారా, అమ్మని మేమంతా రమ్మని పిలిచాం గొంతు చించుకుని, ఆమె వచ్చి కూర్చునేది కాదు, మళ్ళీ పిలిచేవాళ్ళం, ఆమె నిలబడ్డ చోటుకి వెళ్ళి అక్కణ్ణుంచి చూడాలని ఎవరికీ తట్టలేదు, ఈ పిల్లకి తట్టింది, నేను ఇంట్లో లేని ఏ మధ్యాహ్నమో బడి సంచీ దించి ఆ గుమ్మంలో నా చోట నిలబడి ఉంటుంది, మెట్లు దిగే ఆవిడ ఇంకా దిగుతూనే ఉంది, మొహం స్పష్టంగా ఉంది, నుదుటి మీద పడ్డ వెంట్రుకతో సహా, కనిపిస్తోంది, అన్నాను, బాగా కనిపిస్తోందా, బాగా కనిపిస్తోంది, అయితే ఇదే తీసుకుందాం పిన్నీ, అని లేచి మోకాళ్ళు దులుపుకుంది, అతను బిల్లు రాయడానికి వెళ్ళాడు, అప్పటికి కానీ ఆ మాట నా లోపల సరిగా వచ్చి కూర్చోలేదు, మేం ముగ్గురం అంది, ఆలోచించుకోకుండా, ఇంటి నంబరు చెప్పినంత మామూలుగా, ఎంతమందని అతను అడగనైనా లేదు, తనంతట తనే అంది, ముగ్గురం, ఇన్నాళ్ళూ నేను తన పిలుపు కోసం నిలబడ్డాననుకున్నాను, ఈ పిల్ల ఎప్పుడో నన్ను కలుపుకునే లెక్కపెట్టుకుంది.