అల్లుడుగారి పాముకు తలంటు

నేను ఒక ఇత్తడి గంగాళాన్ని. పుట్టింది అజ్జరంలో. ఇత్తడి సంగతి తెలిసినవాళ్లు ఆ ఊరి పేరు వినగానే గౌరవంగా తల ఊపుతారు. తెలియనివాళ్లు ప్లాస్టిక్ బకెట్లు కొనుక్కుంటారు, వాళ్ల ఖర్మ. నన్ను చేసినాయన నోట్లో చుట్ట తీయకుండా సుత్తి దెబ్బకో తిట్టు తిట్టేవాడు. ఆ తిట్లూ దెబ్బలూ కలిస్తేనే నాకీ నడుమూ, ఈ గుండ్రటి పొట్టా వచ్చాయి. కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు.

నన్ను మండపేట మంగాయమ్మగారు కొనుక్కుని కట్టెలపొయ్యి మీద కూర్చోబెట్టారు. ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు నాలోనే కాగేవి. చన్నీళ్లే పోసుకుంటామని వీధిలో గొప్పలు చెప్పిన మగవాళ్లు దొంగచాటుగా నాలో చెంబు ముంచడం నేను చాలాసార్లు చూశాను. తర్వాత ఆవిడ కోడలు భ్రమరాంబ చేతికి వచ్చాను. భ్రమరాంబ తన కూతురు లిఖితను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నా నీళ్లతోనే స్నానం పోసి పెంచింది. ఆ తర్వాత ఇంట్లోకి గీజరు వచ్చింది. ఎర్రదీపం వెలిగించడం తప్ప ఏమీ చేతకాని ఆ తెల్ల డబ్బాను చూసి అందరూ మురిసిపోయి నన్ను అటకెక్కించారు. భ్రమరాంబ భర్త వీర్రాజుగారు రైసుమిల్లులో పనిచేసి రిటైరయ్యారు. రోజంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆయన కళ్లు అస్తమానం నా మీదే. "ఈ పాత ఇత్తడి ఇచ్చేసి ఓ మంచి కుక్కరు తెచ్చుకుందావే" అనేవారు. "చూద్దాం లెండి" అనేది ఆవిడ. నేను అటక మీద ఊపిరి బిగబట్టేదాన్ని.

ఆ అటక మీంచి హాలంతా కనబడుతుంది. అందుకని ఆ ఇంటి అల్లుడు మణిదీప్ సంగతి కూడా నాకు బాగా తెలుసు. మంచివాడే, కానీ నోట్లో నాలుక ఉందో లేదో అనుమానం వచ్చేంత నెమ్మది. పెళ్లయి రెండేళ్లయినా హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా సోఫా అంచు మీదే కూర్చునేవాడు. పనసపొట్టు కూర పెట్టినా "బావుందండి", పొరపాటున ఉప్పు వెయ్యని పప్పు పెట్టినా "బావుందండి". ఆ మాట విన్న ప్రతిసారీ భ్రమరాంబ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది. అల్లుడికి తన ఇల్లు నచ్చలేదని, తను నచ్చలేదని ఆవిడ నమ్మకం. "అల్లుడుగారు నోరు తెరిచి నన్నొక్కటి అడిగితే చాలండీ, ఒంటికాలి మీద నిలబడి చేసి పెడతాను" అని భర్తతో అనేది.

సరిగ్గా ఆ అల్లుడుగారే ఓ రోజు కారు దిగి, గాజుపెట్టె ఒకటి రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చారు. పెట్టెలో పాము.

కొండచిలువ జాతిదట. ఆఫ్రికా నుంచి వచ్చిన వంశమట. విషం లేదట, ప్రభుత్వానికి చెప్పే పెంచుతున్నారట. చెయ్యంత పొడవుంటుంది, భయమేస్తే ఉండలా చుట్టుకుని తలను మధ్యలో దాచుకుంటుంది. అలా చుట్టుకున్నప్పుడు చూసి లిఖిత దానికి సున్నుండ అని పేరు పెట్టింది. వాళ్లిద్దరూ స్నేహితుల పెళ్లికి రాజస్థాన్ వెళ్తున్నారు. ఎప్పుడూ చూసుకునే స్నేహితుడికి జ్వరం.

"వారం రోజులు... మీ దగ్గర ఉంచచ్చాండీ?" అన్నాడు మణిదీప్, అత్తగారి పాదాల వైపు చూస్తూ.

భ్రమరాంబకు పాము పేరు చెబితేనే చెమట పడుతుంది. కానీ అడిగింది ఎవరు! "అయ్యో, అదేం మాటండీ, మన పిల్లదే కదండీ" అనేసింది. వీర్రాజుగారు మాత్రం అప్పటికే కుర్చీ మీద కాళ్లు పైకి పెట్టేసుకున్నారు.

"పాలు పోయనాండీ?" అని అడిగింది భ్రమరాంబ.

"పాములు పాలు తాగవండి. ఇప్పుడే తింది కాబట్టి తిండి కూడా అక్కర్లేదండి. మళ్లీ వచ్చాక నేనే పెడతాను. నీళ్ల గిన్నె ఒక్కటి చూస్తే చాలండి."

రెండేళ్లలో అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు. కారు వెళ్లిపోయాక కూడా భ్రమరాంబ గుమ్మంలో మురిసిపోతూ నిలబడింది. ఆ తర్వాత లోపలికి వచ్చి గాజుపెట్టె ముందు కుర్చీ వేసుకుంది. అల్లుడివైపు నుంచి వచ్చిన చుట్టానికి తిండీ లేదు, కాఫీ లేదు, స్నానం కూడా లేదు. ఇదేం మర్యాద అని ఆవిడకు మనసు మనసులో లేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో పామును 'పాముగారు' అనడం మొదలైంది.

ఆ మరుసటి రోజే పాముగారి ఒంటి నిగారింపు పోయింది. గోధుమరంగు చారలు మసిబారాయి. కళ్ల మీద పాలనీలం పొర కమ్మేసింది. వీర్రాజుగారు కళ్లజోడు పెట్టుకుని దూరం నుంచే పరీక్ష చేసి, "కళ్లు పోయాయే" అని తీర్పు చెప్పారు.

భ్రమరాంబ కుర్చీ ఇంకా దగ్గరకు లాక్కుంది. "మాడు ఎండిపోయిందండీ. వేడి చేసింది. తలంటు పొయ్యాల్సిందే."

"పాముకి తలంటేంటే! పుట్టలో గీజరు పెట్టించుకుందా అది? అల్లుడికి ఫోన్ చెయ్యి."

"ఫోన్ చేసి ఏమని చెప్పనండీ? మొట్టమొదటిసారి ఆయన నమ్మి ఒక ప్రాణాన్ని నా చేతిలో పెడితే, తెల్లారేసరికి కళ్లు పోగొట్టానని చెప్పనా? ఇంక ఈ జన్మలో ఆయన నా మొహం చూస్తారా?"

వీర్రాజుగారు మొబైల్లో వెతికారు. ఒకాయన పాముకు స్నానం అక్కర్లేదన్నాడు. ఇంకొకావిడ గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచమంది. మరొకడెవడో ఏ భాషో తెలియదు, పళ్లు తోమే బ్రష్షుతో పామును తోముతూ పాట పాడుతున్నాడు. ముగ్గురినీ చూశాక భ్రమరాంబ తను ముందే అనుకున్నదాన్ని ఖాయం చేసుకుంది. సలహా అడిగే మనుషులందరూ అంతే, వాళ్లకు కావలసింది తోడుగా తల ఊపేవాడొకడు.

"ప్లాస్టిక్ బకెట్లో పోస్తే బావుండదు. గంగాళం దించండి" అంది.

నేను దిగాను! చింతపండు పెట్టి తోమితే ఎన్నాళ్ల నలుపో వదిలి, నా మొహం నాకే కొత్తగా కనబడింది. గోరువెచ్చని నీళ్లు నింపి, చంటిపిల్లలకు చూసినట్టే మోచెయ్యి ముంచి వేడి చూసుకుంది. పక్కన నువ్వులనూనె గిన్నె, సున్నిపిండి, ఒళ్లారబెట్టడానికి సాంబ్రాణి. స్నానాలగది అంతా పురిటింటి వాసన వేసింది. గాజుపెట్టెను అక్కడికే తెచ్చుకుని, ఆ సున్నిపిండికున్న పాటి విలువ కూడా లేని వీర్రాజుగారిని తలుపు దగ్గర కాపలా పెట్టింది.

కొంగు నడుముకు బిగించి, కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుని, భ్రమరాంబ పెట్టెలో చెయ్యి పెట్టింది. నాకు ఆవిడ మీద అప్పుడే గౌరవం పెరిగింది. జన్మంతా తాడు చూసి కూడా ఉలిక్కిపడిన మనిషి, అల్లుడి మాట కోసం పామును ఒళ్లో పడుకోబెట్టుకుంది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. పాముకు తల ఎక్కడ ముగుస్తుంది, ఒళ్లు ఎక్కడ మొదలవుతుంది? నూనె ఎంతవరకు పెట్టాలి? ఎందుకొచ్చిన గొడవని మాడు నుంచి తోక దాకా గిన్నెడు నూనె పట్టించేసింది. సున్నిపిండి కూడా చల్లింది. ఆ మర్యాదకు సున్నుండ ముక్కు ఒకసారి ఎగరేసి, తుమ్మినంత పని చేసి, చేతుల్లోంచి జర్రున జారింది.

"ఏవండోయ్!"

వీర్రాజుగారు తలుపు తెరిచి చూసేసరికి సున్నుండ నేల మీద జిడ్డుచార గీసుకుంటూ మూలనున్న తూము వైపు పోతోంది. ఆ తూములో దూరితే వీధి కాలువలో తేలాల్సిందే. "మూసెయ్యండి, మూసెయ్యండి!" అని భ్రమరాంబ అరుపు. దేంతో మూయాలో తెలియక వీర్రాజుగారు ముందుకు ఒకడుగు వేశారు. ఆ అడుగు నూనె మీద పడింది. ఆయన కాళ్లు నాకు తగిలాయి.

వాళ్లు తర్వాత ఏం చెప్పుకున్నా సరే, నిజం నేను చెప్తున్నాను. నేను ఆయన తన్నితే దొర్లలేదు, నా అంతట నేనే దొర్లాను. నీళ్లన్నీ ఒలకబోసి, గది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, పొట్టతో తూముకు అడ్డంగా ఠంగుమని ఆగాను. వెలుగు చూసి బెదిరిన సున్నుండ తూము దొరక్క, తెరిచి ఉన్న నా నోట్లోకే దూరి అడుగున ఉండ చుట్టేసుకుంది. ఇంతకుముందు నాలో నీళ్లుండేవి, ఓ పెళ్లిలో పులిహోర కలిపారు. కానీ ఒక ప్రాణం భయపడి నన్ను నమ్ముకుని వచ్చి దాక్కోవడం నాకూ మొదటిసారే. నేనసలు కదల్లేదు.

వీర్రాజుగారు నేల మీదే కూర్చుని నడుం పట్టుకున్నారు. "ఇంక నూనె వద్దే, పిండి వద్దు. ఆ వీడియోలో ఆవిడ ఉత్త నీళ్లే అంది. నా మాట విను." ఆయన మాట భ్రమరాంబ వినడం, పెళ్లయ్యాక బహుశా అదే మొదటిసారి. నన్ను మెల్లగా నిలబెట్టి, సున్నుండ మునగకుండా కాసిని గోరువెచ్చటి నీళ్లు పోసి, జిడ్డు వదిలేదాకా మార్చి మార్చి పోసింది. కొంతసేపటికి పాము మూతి దగ్గర తోలు లేచింది.

"తోలు ఊడొచ్చేస్తోందండీ! చంపేశానండీ!" అని ఆవిడ గొల్లుమంది.

వీర్రాజుగారు వంగి చూసి, "కుబుసమే పిచ్చిదానా, కుబుసం! అందుకే కళ్లు మసకేశాయి" అన్నారు. ఆవిడ ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. సున్నుండ నా అంచుకు ముక్కు రాసుకుని, చొక్కా విప్పినట్టు తోలంతా విప్పేసి కొత్తగా మెరిసింది. ఎడమ కంటి మీద మాత్రం ఆ పొర అలాగే అతుక్కుపోయింది. ఆవిడ గోరుతో లాగబోయింది గానీ, చెయ్యి అంతదాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

రోజూ ఉత్త నీళ్లలో కాసేపు కూర్చోబెట్టింది. పొర రాలేదు. ఆవిడకు తిండి సయించలేదు. రాత్రి కన్నంటుకుంటే పాము గుడ్డిదైపోయిన కల. ఈలోగా అల్లుడూ కూతురూ వచ్చేశారు.

"బంగారంలా ఉందండి మీ సున్నుండ" అని వీర్రాజుగారు ముందే మొదలుపెట్టారు. మణిదీప్ పామును చేతికి తీసుకుని ఆ కంటిని చూశాడు. తర్వాత వాసన చూశాడు.

"సున్నిపిండి వాసన వస్తోంది... ఏం జరిగిందండీ?"

వంటింటి తలుపు చాటు నుంచి భ్రమరాంబ ముందుకు వచ్చింది. "నేనేనండీ. కళ్లు మసకేశాయని నూనె పెట్టి తలంటాను. తప్పంతా నాదే. కన్ను పోతే..." అంది. లిఖిత తల పట్టుకుంది.

మణిదీప్ మొహం పాలిపోయింది. నేరుగా స్నానాలగదిలోకి వచ్చి, నాలో ఉన్న నీళ్లలోనే పామును ఉంచి, ఆ కంటి దగ్గరకు గోరు పోనిచ్చాడు. ప్రయాణం బట్టలైనా మార్చుకోలేదు, పాము మీద అతనికున్న ప్రేమ అంతా అక్కడే నాకు తెలిసింది.

"చెయ్యి తియ్యి!"

ఇల్లు ఉలిక్కిపడింది. అన్నది భ్రమరాంబ.

"గిల్లితే కన్ను పోతుంది. నువ్వు పక్కకి జరుగు. ఆ నీళ్లు చల్లారిపోయాయి, కనబడట్లేదా? లిఖితా, అటక మీద మెత్తటి పాత నేతచీర ముక్కుంది, పట్రా." ఆవిడ వెచ్చని నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసి, చీరముక్క తడిపింది. "ఇటు చివర పట్టుకో. బిగించకు. పసిదాని మొహం తుడిచినట్టుండాలి. దాని పాటికి దాన్ని దూరనీ."

అల్లుడుగారు చీరకొస పట్టుకుని నేల మీద చతికిలబడ్డారు. సున్నుండ ఆవిడ గుప్పిట్లోంచి తడిగుడ్డలోకి దూరి, అతని గుప్పిట్లోకి మెల్లగా పాకింది. మళ్లీ ఇటు. మళ్లీ అటు. ఇంకోసారి తల బయటపెట్టేసరికి, నల్లగా, తడిగా, ఆవగింజలా మెరుస్తూ ఎడమ కన్ను బయటపడింది. పొర గుడ్డకు అంటుకుని ఉంది.

మణిదీప్ కళ్లు ఒత్తుకున్నాడు. "కిందటిసారి ఇలాగే పొర అతుక్కుపోయింది అత్తయ్యా. నాకేం చెయ్యాలో తెలీక డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. రాత్రంతా నిద్రపోలేదు."

"నేనూ పోలేదు. ఇంకెప్పుడూ నూనె రాయన్లేరా" అంది భ్రమరాంబ.

వీర్రాజుగారు గోడకు ఆనుకున్నారు. అల్లుణ్ని 'రా' అన్న అత్తగారిని మండపేట మొత్తం మీద ఆయన చూసి ఉండరు. ఆవిడకు మాత్రం తనేమన్నదీ తెలియనే లేదు.

"రాస్తే రాశారు గానీ, సాంబ్రాణి ఎందుకు వేశారు?" అన్నాడు మణిదీప్.

"జలుబు చెయ్యదూ మరి?"

అతను నవ్వాడు. అంత పెద్దగా నవ్వగలడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. భ్రమరాంబ నాలో చెంబు ముంచి, సున్నుండ చుట్టూ నీళ్లు తిప్పి, "శ్రీరామరక్ష, నూరేళ్లాయుష్షు" అని దిష్టి తీసింది. నీళ్లు పారబొయ్యబోతూ ఆగి, పక్కన చతికిలబడ్డ అల్లుడి వైపు చూసింది. ఏమనుకున్నాడో ఏమో, పామును గుండెలకు హత్తుకునే అతను తల వంచాడు. ఆవిడ ఆ చెంబును అతని తల చుట్టూ కూడా మూడుసార్లు తిప్పింది.