చిల్లు పడిన లవాష్

నేను ఒక మెత్తను. తలకింద పెట్టుకునేదాన్ని కాను. అంతటి సోమరి కొలువు మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. సింహాసనాల మీది మెత్తలు రాజుల వెనుకభాగాన్ని మాత్రమే ఎరుగుతాయి. నేను సాక్షాత్తు అగ్నిహోత్రుడి ముఖం ఎరిగినదాన్ని.

ఆర్మేనియాలో, అరగాత్స్ కొండ కింది పల్లెలో, మానుషాక్ అనే ఇల్లాలి తల్లి నన్ను కుట్టింది. కోలగా కోసిన చెక్క మీద ఎండుగడ్డి కూరి, నూలుగుడ్డ తొడిగి, వెనుక చెయ్యి దూర్చేందుకు పట్టీ పెట్టింది. అక్కడ నేలలో పాతిన మట్టిపొయ్యిని తొనీర్ అంటారు. ఆడవాళ్లు దాని చుట్టూ చేరి, ఒకరు పిండి ఒత్తితే, ఒకరు సాగదీసి నా మీద పరుస్తారు. మూడో ఆవిడ నన్ను పట్టుకుని పొయ్యిలోకి వంగి, కాలిన గోడకు ఒక్క చరుపు చరుస్తుంది. రొట్టె గోడకు అంటుకోవాలి. నేను తిరిగి రావాలి. ఆ పలుచని రొట్టె పేరు లవాష్. మీ గోదావరి సీమలో పూతరేకులు తీసే బోర్లించిన కుండ నాకు వరసకు అన్నగారు.

నలభై ఏళ్లు ఆ చరుపు మానుషాక్‌దే. ఈలోగా ఒక సామ్రాజ్యం కూలిపోయిందట. ఆ రోజు కూడా మేము రొట్టెలు కాల్చుకుంటూనే ఉన్నాం.

కొడుకు పెళ్లి కుదిరిన ఏడాదే పక్షవాతం ఆమె కుడిచేతిని పడగొట్టింది. కొత్త దంపతులు గడపకు రాగానే అత్తగారు వాళ్ల భుజాల మీద లవాష్ పరచడం అక్కడి ఆచారం. బజారు రొట్టె కప్పి కోడల్ని లోపలికి పిలవవలసి వస్తుందేమోనని మానుషాక్ కుమిలిపోయింది. పొరుగింటి వర్దూష్ తాను కాలుస్తానంది. ఇంటి చెయ్యి కానిది ఎవరి చెయ్యయినా బజారేనని మానుషాక్ తీర్పు.

పెళ్లికి రెండు రోజుల ముందు, కాబోయే కోడలు లుసినే పట్నం నుంచి చూడవచ్చింది. చల్లారిన పొయ్యి పక్కన నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తగారిని చూసి, సంగతి విని, చొక్కా చేతులు పైకి మడుచుకుంది.

"పెళ్లికూతురు తన భుజం రొట్టె తనే కాల్చుకోవడం ఎక్కడన్నా ఉందా?" అంది వర్దూష్. రొట్టె పడందే ఆ పిల్ల ఇంటిది కాదు, ఇంటిది కాందే ఆ రొట్టె ఇంటిది కాదు. మహాపీఠాధిపతులు సభ తీర్చి తర్కించవలసిన ఈ చిక్కును మానుషాక్ ఒక్క మాటతో విప్పింది: "రెండు రోజులు ముందొచ్చింది, అంతేగా."

మొదటి రొట్టె నిప్పుల్లో పడింది. రెండోది మడతపడింది. మూడోసారి మానుషాక్ ఎడమచేత్తో ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది.

"భయపడుతూ కొడితే అంటదమ్మా. గోడ మీద కోపమొచ్చినట్టు కొట్టు."

"నాకు కోపం లేదు అత్తయ్యా."

"రేపు నా మీద వస్తుందిలే. అదేదో ఇప్పుడే వాడుకో."

లుసినేకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే చరిచి, నన్ను వెనక్కి తీయడం మరిచిపోయింది. నా అంచు కమిలింది. రొట్టె నిలిచింది, నడుమ పెద్ద చిల్లుతో.

ఆ తరువాత చిల్లులేని నదురైన రొట్టెలు చాలానే వచ్చాయి. పెళ్లినాడు మానుషాక్ ఏరుకున్నది మాత్రం చిల్లుదాన్నే. ఒంటిచేత్తో ఎత్తబోతే భుజం అందలేదు. లుసినే గౌను గుప్పిట పట్టుకుని, గడప ముందు మోకాళ్లు వంచింది.

మానుషాక్ ఇప్పుడు లేదు. లుసినే ఆ ఇంట్లో యాత్రికులకు గదులిస్తుంది. నన్ను వాళ్లు తలగడ అనుకుని ఫొటోలు తీస్తారు; కొత్త గుడ్డ మీద ఈ మాడిన అతుకేమిటని అడుగుతారు. లుసినే నా గుడ్డ ఇప్పటికి మూడుసార్లు మార్చింది. మార్చిన ప్రతిసారీ ఆ కమిలిన ముక్కను కత్తిరించి, మళ్లీ నా అంచునే కుట్టింది.