డబ్బా అడుగున డీజిల్

మా ఇంట్లో ముగ్గురికీ మూడు రకాల పిచ్చి. అత్తయ్యకు బొగ్గుల కుంపటి, మా ఆయనకు డీజిల్ జనరేటర్, నాకు కోళ్ల షెడ్డు మీది సోలార్ పలకలు. మామూలు రోజుల్లో ఇది భోజనాల దగ్గర ఎగతాళికి పనికొచ్చేది. ఆ రోజు మాత్రం కొత్తగా దించుకున్న కోడిపిల్లల ప్రాణం దాని మీదే ఆధారపడింది.

ముసురు పట్టి సూర్యుడు మొహం చాటేశాడు. ఈదురుగాలికి కరెంటు తీగలు తెగాయి. సోలార్ బ్యాటరీ అడుగంటుతోంది. బల్బుల వేడి చాలక పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుకీచుమంటున్నాయి.

“నీ సూర్యుడు సెలవు పెట్టాడా?” అంది అత్తయ్య. నాకు ఒళ్లు మండింది.

మా ఆయన డీజిల్ డబ్బా ఊపి చూపించాడు. “ఇంతే ఉంది. వ్యాన్లోది కూడా ఇందులోకే తోడేశాను. బంకులో చుక్క లేదట. ఇది రాత్రికి ఉంచాలి.”

అత్తయ్య ఇంకేం వినలేదు. పాత కుంపటి దులిపి, నిప్పులు రాజేసి, షెడ్డు మధ్యలో పెట్టి పరదాలు దించేసింది.

“ఆ ఫ్యాను ఆపవే. వేడంతా బయటికి లాగేస్తోంది.”

బ్యాటరీ మిగులుతుంది కదా అని నేనూ సరేనన్నాను. ఆ రోజంతా మేమిద్దరం గొడవ పడకుండా ఒప్పుకున్నది అదొక్కటే. ఆవిడ నిప్పుల పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

నేను బయట పరదాలు బిగించి కట్టేసరికి లోపల కీచుకీచులు సద్దుమణిగాయి. పిల్లలు వెచ్చబడితే గోల మానేస్తాయి. కోళ్లు పెంచేవాళ్లకు మొదట తెలిసేది అదే. “గెలిచింది మహాతల్లి” అని గొణుక్కుంటూ, ఆవిడ దెప్పిపొడుపు కోసం గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒక్క మాటా రాలేదు. నోరు మూసుకు కూర్చోవడం అత్తయ్య వల్ల అయ్యే పని కాదు.

పరదా తోసుకుని లోపలికి పరుగెత్తాను. ఆవిడ పీట మీంచి పక్కకు ఒరిగిపోయి ఉంది. చుట్టూ పిల్లలు మెడలు వాల్చేశాయి. బొగ్గుల విషపు గాలి!

“ఏవండీ!” అని అరుస్తూ ఆవిణ్ని చంకల కింద పట్టుకుని వానలోకి ఈడ్చాను. మా ఆయన పరదాలు చించి, ఫ్యాను వేసి, కుంపటి బయటికి లాగేశాడు. వానకు నిప్పులు చుయ్యిమని ఆరిపోయాయి.

అత్తయ్య కళ్లు తెరిచింది. మాట ముద్దగా వస్తోంది. ఆయన డబ్బా తీసుకుని వ్యాను వైపు పరుగెత్తబోతే కాలు పట్టుకుంది.

“జనరేటర్లో పొయ్యరా. నాకేం కాలేదు. అవి చచ్చిపోతాయి.”

“నోర్ముయ్యండి అత్తయ్యా!” అన్నాను. ఇన్నేళ్లలో ఆవిణ్ని అంత మాట అనలేదు. బిత్తరపోయి పట్టు వదిలేసింది.

వాళ్లు ఆసుపత్రికి వెళ్లాక, గాలి తగిలి కదిలిన పిల్లల్ని ఏరి, ఒక గంపలో వంటింటి గ్యాసు పొయ్యి దగ్గర పెట్టాను. తక్కినవాటికి దుప్పట్లు కప్పాను. చీకటి పడకముందే బ్యాటరీ అయిపోయింది. బల్బులూ ఫ్యానూ కలిసే ఆగిపోయాయి.

కాసేపటికి ఫోన్ మోగింది. “అమ్మకు గండం గడిచింది. నీతో మాట్లాడతానంటోంది” అన్నాడాయన.

“ఎన్ని బతికాయే?” అత్తయ్య గొంతు.

“ఒక్క గంపెడే అత్తయ్యా.”

నాకు ఏడుపు ఆగలేదు. “ఏదో ఒకటి అనండి. తిట్టండి, పోనీ.”

“తడిబట్టలు మార్చుకున్నావా?” అంది.