నాలుగో నంబరు రేకు

బోరింగ్ బారు మూడో సిలిండర్‌లోకి సగం దిగేసరికి వీరయ్య కళ్ళు మూసుకున్నాడు. కునుకు కాదు. బారు కొసనున్న ఉలి ఇనుప గోడను సమంగా కోస్తున్నంతసేపూ ఒకే సన్నని రొద వస్తుంది, గట్టి మచ్చ తగిలితే ఆ రొద తడబడుతుంది. కళ్ళు తెరిచి ఉంటే ఆ తడబాటు చెవిదాకా రాదని అతని నమ్మకం. రొద చివరిదాకా ఒకేలా సాగింది. చక్రం వెనక్కి తిప్పి, బారు పైకి లేపి, బోరులో పడ్డ ఇనుప పొట్టును కుంచెతో ఊడ్చి, నాలుగోదాని మీదికి జరిపాడు.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళ మేర కిందికి వాలి ఉంటుంది, ముప్పై ఎనిమిదేళ్ళు అదే చేత్తో అదే చక్రం తిప్పితే వాలక ఏం చేస్తుంది. గోళ్ళ అంచుల నలుపు పెళ్ళినాటికే పట్టింది. పెళ్ళిలో పసుపు రాసినా పోలేదని భార్య రామాయమ్మ ఇప్పటికీ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటుంది. ఖాకీ చొక్కా జేబులో కళ్ళజోడు, సుద్దముక్క, సందులు కొలిచే రేకుల కట్ట. ఈ మూడూ లేకుండా వీరయ్యను నరసరావుపేటలో చూసినవాళ్ళు లేరు.

ఈ ఊరికి అతను పది రోజుల పని మీద వచ్చాడు. అప్పుడు వయసు ఇరవై నాలుగు. మద్రాసు దగ్గర షోలవరంలో కార్ల పందేలు జరిగే రోజుల్లో, ఆ పందెపు కార్ల ఇంజిన్లు విప్పి బిగించే షెడ్డులో నాలుగేళ్ళు పనిచేశాడు. ఇప్పటి యజమాని ధనుంజయరావు తండ్రి మద్రాసులో ఈ బోరింగ్ మిషన్ కొని, దీన్ని బిగించి నడిపి చూపించే మనిషి కావాలంటే, ఆ షెడ్డువాళ్ళు ఇతన్ని లారీలో మిషన్ పక్కన కూర్చోబెట్టి పంపారు. పునాది తవ్వించి నాలుగు బోల్టులూ తానే బిగించాడు. పది రోజులు నెలయింది. నెల ఏడాదయింది. పెద్దాయన పెళ్ళి చేయించాడు, ఇల్లు చూపించాడు. ఈలోగా అక్కడ పందేలు ఆగిపోయాయి. ఇంక వెళ్ళడానికి షెడ్డు లేదు. మిషన్‌ను బిగించాననుకున్నాడు గాని తనను కూడా ఆ నాలుగు బోల్టులతోనే బిగించారని వీరయ్యకు ఆలస్యంగా తెలిసింది.

ఈ షెడ్డుకో ఆచారం ఉంది. బోరు కోసి నునుపు చేశాక, లోపల నూనెగుడ్డతో తుడిచి, రింగులు లేని పిస్టన్‌ను ఇంజిన్ సొంతదారు చేతికిస్తారు. ఆయన బొటనవేలితో దాన్ని సగం దాకా నెట్టి వదిలేస్తాడు. పిస్టన్ జారకుండా నిలబడితే పని గట్టిదని లెక్క. టెంకాయ కొట్టి ఇంజిన్ బ్లాకు తీసుకుపోతారు. జారిందా, మాట పోయినట్టే. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభలు లాగే ట్రాక్టర్లన్నీ ఆ ముందు నెలలో ఇక్కడికే వస్తాయి. కమ్మీల గేటు ముందు రైతులు వరసగా నిలబడి ఒకరి పిస్టన్ నిలబడటం ఒకరు చూస్తారు.

పిస్టన్ నిలబడాలంటే గోడకూ దానికీ మధ్య సందు రెండు థౌకు మించకూడదు. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కను షెడ్డులో థౌ అంటారు. రెండు చాలదని వీరయ్యకు వచ్చిన మొదటి రోజునుంచీ తెలుసు. గోడ ఇనుముది, పిస్టన్ అల్యూమినియంది. వేడెక్కితే అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బే చోటు వదలకపోతే గోడను పట్టేస్తుంది. ఏటా ఒకటో రెండో ట్రాక్టర్లు ప్రభ లాగుతూ నడిదారిలో పట్టేసేవి. డ్రైవర్ సరిగ్గా నీళ్ళు పోయలేదనేవాళ్ళు. దిష్టి అనేవాళ్ళు. మొదటి ఏడాది ఒక ట్రాక్టర్‌కు మూడు వదిలాడు వీరయ్య. పిస్టన్ జర్రున జారి నేలమీద పడింది. రైతు బ్లాకు ఎత్తుకుని గుంటూరు పోయాడు. పెద్దాయన తిట్టలేదు, నీ మద్రాసు రేసులు ఇక్కడ కాదు వీరయ్యా అన్నాడంతే. ఆ మెత్తని మాటతో వీరయ్య ముప్పై ఎనిమిదేళ్ళు తలవంచుకుని రెండే వదులుతూ వచ్చాడు. రేకుల కట్టలో రెండో నంబరు రేకు అరిగి అంకె చెరిగిపోయింది. నాలుగో నంబరు రేకు కొన్ననాటి నిగనిగతో అలాగే ఉంది.

ఇవాళ మిషన్ మీద ఉన్నది ట్రాక్టర్ బ్లాకు కాదు. జిన్నింగ్ మిల్లు వాళ్ళబ్బాయి ఉపేంద్ర ఎక్కడో వేలంలో కొన్న పాత విదేశీ కారుది. రెండే సీట్లు, ఎర్ర రంగు. బ్లాకు దించిన రోజునుంచి వీరయ్య దాని చుట్టూ తిరుగుతున్నాడు. బోరు వెడల్పు, పిస్టన్ నడిచే దారి పొట్టి. నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరగాలంటే అలాగే ఉండాలి, దారి పొడుగైతే పిస్టన్ ఆ పరుగుకు విరిగిపోతుంది. పిస్టన్లు పోత పోసినవి కావు, సమ్మెటతో కొట్టి చేసినవి. అన్నిటికన్నా బ్లాకు పక్కన అరచేయంత ఇనుప దిమ్మె ఒకటి అతన్ని పట్టుకుంది. పందెపు కార్లకు ఇంకో నూనె పంపు అక్కడ బిగిస్తారు, మలుపుల్లో నూనె ఒక పక్కకు పోకుండా. రోడ్డు కారుకు ఆ పంపు అక్కర్లేదు, దానికి కన్నాలు కూడా వేయలేదు. అయినా తయారుచేసినవాళ్ళు అచ్చు మార్చలేదు. తాత పరుగెత్తినవాడైతే మనవడికి ఆ కాళ్ళు వస్తాయి కదా, ఇదీ అంతే. ఆ దిమ్మె మీద బొటనవేలు రాస్తూ వీరయ్య చాలాసేపు నిలబడ్డాడు. ఈ షెడ్డులో దాన్ని గుర్తుపట్టగలిగినవాడు తనొక్కడే. సంతోషం వేసింది, చెప్పుకోవడానికి ఎవరూ లేక దుఃఖమూ వేసింది.

పదకొండింటికి ధనుంజయరావు వచ్చాడు. యాభై దాటినవాడు, తండ్రి పోయాక షెడ్డు యజమాని. బోరుల నునుపు పని మిగిలింది. వీరయ్య గుడ్డతో చేతులు తుడుచుకుని దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, దీనికి నాలుగు వదలాలి."

"నాలుగేంది?"

"ఇది ట్రాక్టర్ కాదు. దీని పుటకే రేసులో. పిస్టన్లు కొట్టి చేసినయ్యి, వేడికి చానా ఉబ్బుతయ్యి. నాలుగు వదలకపోతే మాచర్ల రోడ్డెక్కినాక పట్టేస్తది. అంత స్పీడులో పట్టేస్తే చక్రాలు తిరగవు."

ధనుంజయరావు బ్లాకు వంక చూశాడు. "నాలుగు వదిలితే పిస్టన్ నిలబడుద్దా?"

"నిలబడదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు టకటకమంటది కూడా. వేడెక్కినాక సరిపోయిద్ది. రేసు ఇంజన్లన్నీ అంతే."

"మరి ఉపేంద్రకి ఏం చూపియ్యమంటావు? గేటు కాడ ఆ నలుగురు రైతులున్నారు, వాళ్ళకేం చూపియ్యమంటావు?"

వీరయ్య ఎప్పట్లాగే వెళ్ళి రెండుకే నునుపు చేశాడు.

పన్నెండున్నరకు ఉపేంద్ర వచ్చాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, పిస్టన్‌ను మొదటి బోరులో సగం దాకా నెట్టి వదిలాడు. నిలబడింది. రెండో బోరు, మూడోది, నాలుగోది. నాలుగిట్లోనూ నిలబడింది. గేటు దగ్గర రైతులు తలలూపారు. ఉపేంద్ర ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

"సూపర్ బాబాయ్," అన్నాడు ధనుంజయరావుతో. "శివరాత్రి ముందే కావాలి. ఫస్ట్ డ్రైవ్ మాచర్ల మీదుగా ఎత్తిపోతల ఫాల్స్‌కని మా ఆవిడ నిఖితకి మాటిచ్చా."

టెంకాయ పగిలింది. వీరయ్య కొబ్బరిచిప్ప అందుకుంటూ ఉపేంద్రతో మెల్లగా అన్నాడు. "బాబూ, మొదట్లో ఎక్కువ తొక్కబాకండి."

"తొక్కటానికే కదా పెద్దాయనా కొన్నది." ఉపేంద్ర నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, కొత్తగా పెళ్ళయినవాడి నవ్వు.

ధనుంజయరావు అన్నానికి ఇంటికి వెళ్తే నాలుగింటికి గాని రాడు. లేతు మిషన్ నడిపే ఇంకో మనిషి పెళ్ళికి వెళ్ళాడు. షెడ్డులో వీరయ్య ఒక్కడే. రామాయమ్మ కట్టిచ్చిన డబ్బా విప్పి రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. బ్లాకు ఎదురుగా ఉంది, దానికోసం ఆటో సాయంత్రం వస్తుంది. రెండు సీట్ల కారు. ఒక సీటు ఉపేంద్రది, ఇంకోటి ఆ అమ్మాయిది. మాచర్ల రోడ్డు మీద లారీలు.

లేచి గేటు దగ్గరగా వేశాడు. నునుపు రాళ్ళు మళ్ళీ బిగించాడు. మొదటి బోరులో కిరోసిన్ పోసి మోటార్ వేశాడు. తన షెడ్డులో తనే దొంగయినట్టు భయం వేసింది. ఇన్నేళ్ళలో ఈ గోడల మధ్య చెప్పినదానికి ఒక్క వెంట్రుకంత అటు జరగలేదు, ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా వెంట్రుకంతే. కాసేపటికి ఆ భయం పోయింది. రాళ్ళు కిందికీ పైకీ నడుస్తుంటే నల్లటి కిరోసిన్ మోచేతుల మీదుగా కారింది. ఆపి, తుడిచి, పిస్టన్ పెట్టి, నాలుగో నంబరు రేకు మొదటిసారి బయటికి తీశాడు. పోలేదు. ఇంకాస్త. మళ్ళీ పెట్టాడు. సందులోకి రేకు వెన్నలోకి దిగినట్టు దిగింది. రేకు తీసి పిస్టన్‌ను వదిలాడు. అది నిలబడలేదు. కింద పట్టిన అరచేతిలోకి మెత్తగా వచ్చి పడింది. వీరయ్యకు నవ్వొచ్చింది. షోలవరం షెడ్డులో మేస్త్రి పని నేర్పిన రోజుల తర్వాత ఆ బరువు అరచేతిలో పడటం ఇదే మొదలు.

రెండో బోరు తర్వాత స్టూలు మీద కూర్చోవలసివచ్చింది. ఎడమ భుజం లాగింది. వాలింది కుడి భుజమైతే నొప్పి ఎడమదానికి ఎందుకొచ్చిందో అనుకున్నాడు. నీళ్ళు తాగి మిగతా రెండూ పూర్తిచేసేసరికి మూడూ ముప్పావు. బ్లాకు సబ్బునీళ్ళతో కడిగి నూనె రాశాడు. పిస్టన్లు ఒక్కొక్కటీ పేపర్లో చుట్టాడు. చివరికి కట్ట బోల్టు విప్పి, నాలుగో నంబరు రేకు ఊడదీసి, మొదటి పిస్టన్‌తో కలిపి చుట్టేశాడు.

ఇంజిన్ బిగించేది ఆదిల్. ప్రకాశ్‌నగర్‌లో గ్యారేజీ ఉంది, నలభై ఏళ్ళవాడు, మాట తక్కువ. ట్రాలీ ఆటోలో బ్లాకు ఎక్కిస్తుంటే వీరయ్య పిస్టన్ల పొట్లాలు అతని చేతికే ఇచ్చాడు.

"ఒకటో పొట్లం నువ్వే విప్పు ఆదిలూ. స్టార్ట్ చేసే రోజు నాకు ఫోన్ చెయ్యి. వచ్చి వింటా."

"సరే మామా."

ఆటో మలుపు తిరుగుతుండగా ధనుంజయరావు బండి దిగాడు. పంపించావా అంటే పంపించానన్నాడు వీరయ్య.

ఇంటికి వెళ్ళేసరికి రామాయమ్మ అప్పుడే పనినుంచి వచ్చి మొహం కడుక్కుంటోంది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది, ఒంటినుంచి ఆ ఘాటు ఎప్పుడూ పోదు.

"ఇయ్యాల ఒక పని చేశానే," అన్నాడు అరుగు మీద కూర్చుంటూ.

"రోజూ చేసేదేగా."

"కాదే. ఇది నా పని."

రామాయమ్మకు అర్థం కాలేదు, అన్నం పెట్టింది. భుజానికి జండూబామ్ రాసింది. తెల్లవారి టీ గ్లాసు పట్టుకుని పిలిస్తే అతను పలకలేదు.

షెడ్డు ఒక పూట మూశారు. ధనుంజయరావు పాడె మోశాడు, నిజంగానే ఏడ్చాడు. పదో రోజుకు వినుకొండనుంచి కొత్త మనిషి వచ్చి మిషన్ ముందు నిలబడ్డాడు.

పదమూడో రోజు ఆదిల్ గ్యారేజీలో ఎర్ర కారు స్టార్ట్ చేశారు. ఉపేంద్ర, నిఖిత, ధనుంజయరావు ముగ్గురూ వచ్చారు. ఇంజిన్ అందుకున్న మరుక్షణం టకటకమని కొట్టుకుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. నిఖిత రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇదేంది బాబాయ్," అన్నాడు ఉపేంద్ర. మొహం ఎర్రబడింది. "నిలబెట్టి చూపించారుగా."

ధనుంజయరావు తల వంచుకున్నాడు. "ముసలోడు గదా, చివర్లో చెయ్యి తప్పినట్టుంది. విప్పు ఆదిలూ."

ఆదిల్ ఇంజిన్ ఆపలేదు. వేడి చూపించే ముల్లు వంక చూస్తూ, "కాసేపు ఆగండి," అన్నాడు.

ఒక నిమిషం. మూడు. ఉపేంద్ర ఆపమని చెయ్యెత్తాడు. ఐదో నిమిషంలో ఆ చప్పుడు పలచబడింది, తర్వాత ఒక్కొక్క బోరూ నోరు మూసుకుంది. ఆదిల్ యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజిన్ చీర చించినట్టు ఒక్క గొంతుతో పైకి లేచింది. వచ్చి వింటానన్న మామ కోసం ఆదిల్ ఇంకోసారి నొక్కాడు. నిఖిత చెవులు మూసుకుని నవ్వుతోంది. మా షెడ్డు పని అంటే అదీ అన్నాడు ధనుంజయరావు.

ఉపేంద్ర, నిఖిత కారేసుకుని ఒక చుట్టు తిరగడానికి వెళ్ళాక ఆదిల్ జేబులోంచి రేకు తీశాడు. "మామ నాలుగు వదిలాడు సార్. మీరు చూసి పోయినాక. ట్రాక్టర్లకీ రెండు చాలదు."

ధనుంజయరావు ఆ రేకు వంక చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో దారిలో పట్టేసిన ట్రాక్టర్లు, దిష్టి అన్నవాళ్ళు, తిట్లు తిన్న డ్రైవర్లు అతని కళ్ళ ముందుకు వచ్చే ఉంటారు.

"ఆ మాట బయట అనబాకు," అన్నాడు.

మర్నాడు ఆదిల్ రేకు తిరిగి ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళాడు. కొత్త మనిషి ట్రాక్టర్ బ్లాకు తుడుస్తున్నాడు. క్రోసూరు రైతు బొటనవేలితో పిస్టన్‌ను నెట్టి వదిలాడు, అది నిలబడింది, టెంకాయ పగిలింది. మిషన్ మీద వీరయ్య ఆ సాయంత్రం వదిలివెళ్ళిన రేకుల కట్ట ఉంది. ఆదిల్ బోల్టు విప్పి రేకును దాని చోట పెట్టి బిగించాడు. దాని మీద నాలుగు అంకె ఇంకా కొత్తగానే ఉంది.