తడి గోడ మీద సున్నం

చలికాలం వచ్చేలోగా ఆ తడి గదిలోంచి కొడుకు యుర్కోని మార్చకపోతే దగ్గు ఛాతీలోకి దిగుతుందని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచి స్తేఫాకి తిండి సయించడం లేదు. ఆ రోజుల్లో ల్వీవ్‌ నగరంలో ఇళ్ళన్నీ సర్కారువే, కొనడం అమ్మడం ఉండదు. ఒకరి గది ఒకరు మార్చుకోవాలంతే. మార్పిడి కార్యాలయం బోర్డు మీద కాగితం అంటించి, దాని అంచుని చీలికలుగా కత్తిరించి, ఒక్కో చీలిక మీదా అడ్రసు రాసింది. మూడు వారాల్లో ఒకే ఒక్క చీలిక చిరిగింది.

చింపింది మెలానియా అనే ముసలామె. ఆమెది ఐదో అంతస్తు. లిఫ్టు లేదు, మోకాళ్ళు ఎక్కనివ్వవు. ఆమె చూడ్డానికి వస్తుందనగా ముందురోజు స్తేఫా భర్త బోహ్దాన్ మూల గోడ మీది నల్ల బూజు గీకేసి సున్నం కొట్టాడు. బ్రష్షు అందిస్తూ, ఇది మోసం కాదా అని అడిగింది స్తేఫా. అందరూ చేసేదేలే అన్నాడు.

వచ్చినామె గోడ వంకే చూడలేదు. సగం నేలలోకి దిగిన ఆ గది కిటికీలోంచి, వీధిలో నడిచే బూట్లని చూస్తూ చాలాసేపు కూర్చుంది.

తర్వాత స్తేఫా పిల్లవాణ్ణి ఎత్తుకుని ఐదంతస్తులూ ఎక్కింది. గదినిండా ఎండ. అక్కడా సున్నం వాసనే వేసింది. తన చేతులదే అనుకుని వాటిని జేబుల్లో దాచుకుంది. సంతకాల రోజున నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. అంతలో యుర్కో దగ్గాడు. సంతకం పెట్టేసింది.

కొత్తింట్లో రెండోవారం మధ్యాహ్నం వాన పడింది. మూలనున్న సున్నం అప్పడంలా ఊడి పడింది, పైకప్పు నుంచి నీళ్ళు కారాయి. వంటగది అలమారా వెనక సగం బకెట్టు సున్నం దొరికింది, బ్రష్షు ఇంకా మెత్తగానే ఉంది. మెలానియా మీద కోపం వచ్చింది. ఏ మొహం పెట్టుకుని కోప్పడాలి? పైగా పిల్లవాడు దగ్గి ఆరు రోజులైంది. పెళ్ళిలో ఉంగరాలు మార్చుకున్నప్పుడు ఏమిచ్చి ఏం తీసుకుంటోందో తెలిసింది. పక్కింటామెకి దుంపలిచ్చి పాలు తీసుకున్నప్పుడూ తెలిసింది. ఇది మాత్రం ఎటు తిప్పి చూసినా అంతుపట్టలేదు.

మర్నాడు ఒక చంకలో పిల్లవాణ్ణీ, ఒక చేత్తో బకెట్టునీ పట్టుకుని పాత గదికి వెళ్ళింది. మెలానియా కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక మూలలో నలుపు అప్పుడే మళ్ళీ పైకి పాకుతోంది.

"వానకి కారిందా?" అంది మెలానియా.

"కారింది మామ్మా. బేసిను పెట్టాను. మరి మీ గోడ?"

"నీ గోడేనమ్మా అది. నేను కాపలా కాస్తున్నానంతే."

స్తేఫాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చూడ్డానికి వచ్చిన రోజు మీకు సున్నం వాసన రాలేదా?" అని అడిగింది.

"ఎందుకు రాలేదూ? నా చేతులదే అనుకున్నాను."

క్షమించమనాలా, నిలదీయాలా? రెండిట్లో ఏది ముందో స్తేఫాకి తేలలేదు. మెలానియా యుర్కో చేతిలో ఎండు ఆపిల్ ముక్క పెట్టి, ఆ బకెట్టు అక్కడే వదిలి వెళ్ళమంది.

బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. బేసిను నిండిపోతుందేమోనని స్తేఫా గబగబా నడిచింది. ఎవరు ఎవరికి ఏమిచ్చారో మెట్లెక్కుతూ ఆలోచించింది. మూడో అంతస్తు దగ్గర ఆగి, పిల్లవాడి వీపుకి చెవి ఆనించి వింది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.